రెండో చరణంలో తప్పిన దెబ్బ

ఫిబ్రవరి నెల, రెండో గురువారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఉజ్జాయింపుగా చెప్పటం లేదు. మా మేనల్లుడి కారులో కొత్తగా బిగించిన తెర మీద ఆ అంకెలు వెలుగుతున్నాయి, నేను వాటి ఎదురుగానే కూర్చుని ఉన్నాను. సరిగ్గా ఆ నిమిషంలో నేను, "ఇదిగో, ఇక్కడ తాళం తప్పింది" అన్నాను. ఆ మాట అనేదాకా, నరసరావుపేట పల్నాడు రోడ్డులో ఉన్న మా అబ్బాయి కార్ల కొట్టులో ఏ బండి శబ్దం గురించైనా ఆఖరి మాట నాదే. ఆ తర్వాత కాదు. ఎలా పోయిందో రాస్తాను.

నలభై ఏళ్ళు మైకు సెట్టు నడిపినవాణ్ణి. కారంపూడి దగ్గర పల్లె మాది. పెళ్ళికైనా, చావుకైనా, ఓట్ల మీటింగుకైనా, చర్చిలో కూడికకైనా చుట్టుపక్కల పది ఊళ్ళకు నా హారన్లే. నిచ్చెనేసుకుని ఎక్కి, గరాటులాంటి ఆ హారన్‌ను కట్టి, దాని మూతి ఎటు తిప్పాలో అక్కడే, దాని పక్కనే చెవి పెట్టి తేల్చేవాణ్ణి. రోజూ చేసే పని కదా, అందులో తప్పేముందో నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆ మోతలో వినపడి ఉండదు.

చదువు లేదు. ఆంప్లిఫయర్ బొత్తాల మీద ట్రాక్టరు రంగు చుక్కలు పెట్టుకున్నాను. ఎర్రచుక్క తిప్పితే గొంతు బరువెక్కుతుంది, పసుపు చుక్క తిప్పితే సన్నబడుతుంది. అంతకుమించి ఆ పెట్టెతో నాకు మాటలు లేవు. నా యాభై ఆరో ఏట మా అబ్బాయి పెళ్ళయింది. కోడలు ఇంటరు చదివింది. అప్పటికి మైకు సెట్ల కాలం పోయి, అబ్బాయి ఈ కొట్టు పెట్టాడు. బేరం లేని మధ్యాహ్నాలు కోడలు స్పీకర్ల అట్టపెట్టెలు చింపి, వాటి వెనకవైపు అక్షరాలు రాసి నా ముందు పెట్టేది. అలా నేర్చుకున్నాను. ఇప్పుడు రాస్తున్నది కూడా ముందు అట్టల మీద రాసిందే.

చదువు వచ్చినందుకు సంతోషమే గానీ ఒక సంగతి చెప్పాలి. డబ్బా మీద రాత చదవటం రానప్పుడు నేను ఒక్క ఆంప్లిఫయర్ విషయంలో కూడా మోసపోలేదు. చదవటం వచ్చాక రెండుసార్లు మోసపోయాను.

అబ్బాయి కొట్టు పెట్టిన కొత్తలో మొదటి కారు నేనే ట్యూన్ చేశాను. నాలుగు తలుపులూ తీసి పెట్టి, రోడ్డు దాటి, టీ బంకు అవతల పంక్చరు షాపు దాకా నడిచి, అక్కడ నిలబడి విన్నాను. కట్టేటప్పుడు చెవి హారన్ పక్కనే ఉన్నా, మైకు సెట్టువాడు చివరికి సరిచూసేది దూరం నుంచే, ఊరి చివరి ఇంటికి అందిందా లేదా అన్నదే వాడి లెక్క. చేతులూపి పెంచమన్నాను, తగ్గించమన్నాను, బ్రహ్మాండంగా కుదిరింది. బండి గలాయన లోపల కూర్చుని తలుపేసుకుని పాట పెట్టి, వెంటనే తలుపు తీసుకుని దిగిపోయాడు. పంక్చరు షాపు అతను మాత్రం చానా బాగుందన్నాడు. అప్పటినుంచి లోపల కూర్చుని వినటం అలవాటు చేసుకున్నాను.

ఆ కొట్టులో ఒక పద్ధతి ఉంది, నేను పెట్టిందే. ఏ కారైనా ఒకే పాటతో ట్యూన్ చేస్తాం. సినిమా పాట కాదు. ముప్పై ఏళ్ళ కిందట మా ఊరి చర్చిలో కోతకాలపు పండగ రోజున ఆడవాళ్ళు పాడిన పాట. నా మైకు సెట్టు మీదే క్యాసెట్‌లో పట్టాను, తర్వాత అబ్బాయి దాన్ని ఫోనులోకి ఎక్కించాడు. పన్నెండు మంది ఆడవాళ్ళు, ఒక డోలు, ఒక హార్మణీ, ఒక జత తాళాలు. ఆ తాళాలు కొట్టింది మా అక్క. రెండో చరణంలో, పందిట్లోకి వాళ్ళ అత్తగారు వస్తుంటే అటు చూసి, ఒక దెబ్బ తప్పింది. ముప్పై ఏళ్ళుగా నేను తప్పిందంటాను, అది తప్పలేదంటుంది. పండగలకు కలిసినా ఇదే, పరామర్శకు కలిసినా ఇదే.

ట్యూనింగుకు ఆ పాట ఎందుకంటే, అందులో ఏ శబ్దం ఎక్కడుందో నాకు తెలుసు. డోలు కింది మోత తలుపు స్పీకర్లలోంచి వస్తే తప్పు, డిక్కీలో ఉన్న పెద్ద పెట్టెలోంచి రావాలి. ఆడవాళ్ళ గొంతులు తలుపుల్లోంచి రావాలి. తాళాలు మాత్రం అద్దం పక్కన స్తంభంలో బిగించే ట్వీటర్లలోంచి రావాలి, బొటనవేలి గోరంత ఉంటాయవి. రెండో చరణం రాగానే, "ఇదిగో, ఇక్కడ తాళం తప్పింది, విన్నారా" అని బండి గలవాళ్ళకు చూపిస్తాను. వాళ్ళు అబ్బో అంటారు. అది విన్నవాడికి ఇక వినపడనిది ఏముంటుంది అన్నట్టు చూస్తారు. ఆ చూపు నాకు ఇష్టమే. లేదని ఎందుకు అబద్ధమాడాలి.

కొట్టులో వైర్లు బిగించేది భాయ్. నలభై దాటిన మనిషి, పేటలోనే పుట్టి పెరిగాడు, వాళ్ళ నాన్న రేడియోలు బాగుచేసేవాడు. భాయ్ చేతిలో మీటరు ఉంటుంది, నోట్లో స్క్రూలు ఉంటాయి. చానా మర్యాదస్తుడు. నా ట్యూనింగ్ అయిన ప్రతిసారీ, "మావా, పోయి టీ తాగిరా" అంటాడు. ఒక్కసారి కూడా మరిచిపోడు.

ఇక మేనల్లుడు. మా అక్క కొడుకు, గురజాల దగ్గర హైస్కూల్లో లెక్కల మేష్టారు. పాత కారు ఒకటి కొన్నాడు, అందులో పాటల సెట్టు పెట్టించాలని బుధవారం పొద్దున్నే తెచ్చాడు. ఆంప్లిఫయర్ మటుకు తనే ఫోనులో కొనుక్కుని డబ్బాతో సహా పట్టుకొచ్చాడు.

"మావా, నాలుగు వేల వాట్లు," అన్నాడు డబ్బా మీద చెయ్యేసి.

నేను దాన్ని బయటికి తీసి చేత్తో తూచాను. "కిలోన్నర కూడా లేదు. ఇందులో నాలుగు వేలు యాడ పడుకున్నయిరా?"

"ఇప్పుడు టెక్నాలజీ మారింది మావా. చిన్నగానే వస్తన్నయ్. నీ కాలంలో లాగా మోపెడు ఉండవు."

వాడన్నదాంట్లో నిజం ఉంది. కొత్తరకం పెట్టెలు తేలిగ్గానే ఉంటాయి, బరువు చూసి తేల్చే రోజులు పోయాయి. అందుకని ఇంకో దారిలో వెళ్ళాను.

"దాని పక్కన ఫ్యూజు ఉంటది. ఎంతని రాసుంది?"

కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "ముప్పై."

"కారు బ్యాటరీ ఎన్ని వోల్టులు?"

"పన్నెండు."

"ముప్పై పన్నెండ్లు?"

లెక్కల మేష్టారు ఫ్యూజును ఇంకోసారి చూశాడు. "మూడొందల అరవై."

"దాంట్లో కొంత వేడికే పోద్ది. మిగతా మూడు వేల ఆరొందల నలభై యాడ్నించి తెస్తావ్? సాగర్ డ్యామ్ కాడ్నుంచి లైను లాగుతావా?"

భాయ్ నోట్లోంచి స్క్రూలు తీసి, "సారూ, ఈ సంగతి స్కూల్లో చెప్పబాకండి. పిల్లకాయలు మళ్ళీ ఎక్కాలు అడుగుతారు మిమ్మల్ని," అన్నాడు.

మేనల్లుడికి కోపం వచ్చింది గానీ గుణకారం మీద కోప్పడలేడు కదా. డబ్బా పక్కన పెట్టి, మా కొట్టులో ఉన్నవాటిలో రెండు చూపించాను. ఒకటి నాలుగు తలుపులకూ పంచేది, ఒక్కో దారికి యాభై వాట్లు. రెండోది డిక్కీలో పెట్టెకు ఒక్కదానికే, రెండొందల యాభై. డబ్బా మీద పెద్ద అక్షరాలతో మ్యాక్స్ అని ఉన్నచోట చూడకూడదు, అది సంబంధం మాట్లాడేటప్పుడు చెప్పే జీతం లాంటిది. కింద చిన్న అక్షరాల్లో ఆర్.ఎం.ఎస్. అని ఉంటుంది, అదీ నెలనెలా చేతికొచ్చేది. ఎంత చిన్న అక్షరాల్లో రాస్తే అంత నిజం అని నా అనుభవం.

"యాభైయేనా?" అన్నాడు మేనల్లుడు, ఎవరో వాడి మార్కులు తగ్గించినట్టు.

"శుభ్రంగా వచ్చే యాభై. తలుపేసుకున్న కార్లో అది చానా ఎక్కువ. బలం లేని పెట్టె గొంతు చించుకుని అరిచిందనుకో, శబ్దం పగిలిపోద్ది. ముందు కాలేది ట్వీటర్లే."

"డిక్కీలో మాత్రం గట్టిగా ఉండాలి మావా. నంబర్ ప్లేటు వణకాలి."

"నంబర్ ప్లేటు వణికితే పాట వినపడదురా, నంబర్ ప్లేటు వినపడుద్ది."

చివరికి ఆ రెండే తీసుకున్నాడు. కారు వదిలేసి వెళ్ళాడు. భాయ్ బుధవారమంతా తలుపుల లోపల అదురు ఆపే మెత్తటి రేకు అంటించి, వైర్లు లాగాడు. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా చిటికెన వేలంత వైరు. మిరపకాయల బస్తాలు కుట్టే పురికొసలాంటి వైరు వేసి పెద్ద ఆంప్లిఫయర్ పెట్టేవాళ్ళున్నారు ఈ ఊళ్ళో, వాళ్ళ గురించి నేనేమీ అనను.

గురువారం పొద్దున మేనల్లుడు వాళ్ళమ్మను, అంటే మా అక్కను, కంటి ఆసుపత్రికి తీసుకొచ్చాడు. శుక్లం చూపించటానికి. అక్కడ కళ్ళలో చుక్కలు వేసి నల్లద్దాలు పెట్టి పంపారు. ఆటోలో కొట్టు దగ్గర దిగింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఏమీ కనపడటంలేదు గానీ ఎవరు ఎక్కడున్నారో అన్నీ చెబుతోంది.

"ఒరేయ్, ఆ ఎండలో కూర్చోబెట్టబాకండి నన్ను. కారులో కూర్చుంటా. ఏసీ ఎయ్యమను."

"ట్యూనింగ్ చెయ్యాలక్కా."

"చేసుకో. నేనేమన్నా అడ్డమా?"

భాయ్ ఎడమపక్క సీట్లో కూర్చోబెట్టాడు. నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను. మేనల్లుడు వెనక. అబ్బాయి గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు, కోడలు లోపల బిల్లు రాస్తోంది. భాయ్ వంగి, "మావా, ఇంకా..." అని ఏదో అనబోయాడు. నేను చెయ్యి చూపించాను. ట్యూనింగప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. అదీ నేను పెట్టిన రూలే.

పాట పెట్టాను. ముందు గెయిన్ అనే మర తిప్పాను. ఆంప్లిఫయర్ మీద ఆ మర గురించి అందరూ చేసే తప్పు, అది వాల్యూమ్ అనుకుంటారు. కాదు. అది కాలవకు తూము లాంటిది. కాలవలో ఎంత నీళ్ళొస్తున్నాయో చూసి, అంతకు సరిపడా ఎత్తాలి. ఎక్కువెత్తితే గట్టు తెగుతుంది, శబ్దానికీ అంతే. తర్వాత డోలు కింది మోతను తలుపుల్లోంచి కోసేసి డిక్కీకి పంపించాను. వెనక కుడి తలుపులో చిన్న గరగర ఉంది. వెనక్కి చెయ్యి చాచి అరచెయ్యి ఆనించి చూసి, "లోపల ఒక క్లిప్పు ఊగుతుంది" అన్నాను. భాయ్ చూసి నిజమే అన్నాడు, బిగించాడు. అక్కడిదాకా నేను సరిగ్గానే ఉన్నాను. అది మీరు మరిచిపోకూడదని రాస్తున్నాను.

మొదటి చరణం అయింది. గొంతులు బాగున్నాయి. పన్నెండు మందిలో ఇప్పుడు ఐదుగురే మిగిలారు గానీ కారులో అందరూ ఉన్నారు.

"తాళాలు చూడు ఎంత సన్నగా ఉండయ్యో," అన్నాను మేనల్లుడితో. "చెవికి గుచ్చుకోకుండా, అట్టా పక్కనుంచి పోతన్నయ్. ఇదీ ట్వీటరంటే."

ఎవరూ మాట్లాడలేదు. నా రూలు పాటిస్తున్నారనుకున్నాను.

రెండో చరణం వచ్చింది. పదకొండూ ఇరవై. "ఇదిగో, ఇక్కడ తాళం తప్పింది," అన్నాను.

అక్క నల్లద్దాలు నా వైపు తిప్పింది.

"ఏం తప్పిందిరా?"

"తాళం. నీ తాళమే."

"తాళమేదీ? పాట మొదలైన కాడ్నుంచి చూస్తన్నా. డోలు ఉంది. హార్మణీ ఉంది. మేమంతా అరుస్తా ఉన్నాం. నా తాళాలు యాడ పెట్టార్రా?"

"వినపడతన్నయి గదా."

"ఎవరికి?"

"నాకు."

"ఎక్కడో వంటింట్లో గరిటె కింద పెట్టినట్టు ఒకటి వస్తంది. అది నా తాళం కాదు. అసలు తాళమే రాకపోతే తప్పటం యాడ్నించి వచ్చిందిరా?"

"కళ్ళలో చుక్కలేశారు గదా అక్కా, నీకు..."

"కళ్ళలో ఏశారు. చెవుల్లో ఏసుకోలా."

నేను భాయ్ వైపు చూశాను. భాయ్ తన స్క్రూడ్రైవర్ వైపు చూశాడు. అదేదో అప్పుడే కొన్నట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మావా," అన్నాడు చివరికి. "ట్వీటర్లు ఇంకా కలపలా. ఎడమ స్తంభం మూత క్లిప్పు విరిగితే, కొత్తది వచ్చినాక కలుపుదామని ఆపా. ఇందాక అదే చెప్పబోయా."

వంగి, డాష్‌బోర్డు కింద నుంచి టేపు చుట్టిన వైర్లు బయటికి లాగి చూపించాడు. కొసలు బోసిగా ఉన్నాయి. అక్కకు కనపడదు కాబట్టి, "ఏంది, ఏం చూపిస్తన్నాడు?" అని అడిగింది. మేనల్లుడు చెప్పాడు. చెప్పకపోయినా పోయేది.

ఇక్కడ ఒక మాట రాయాలి. నేను అబద్ధం చెప్పలేదు. నాకు తాళాలు వినపడ్డాయి. రెండో చరణంలో దెబ్బ తప్పటం కూడా వినపడింది. వైరు కలపని స్పీకరులోంచి తప్పిన దెబ్బ విన్నవాణ్ణి నేను.

"కలుపు," అన్నాను భాయ్‌తో. క్లిప్పు లేకుండానే టేపుతో అంటించి కలిపాడు. పాట మళ్ళీ మొదటినుంచి పెట్టాను.

"ఆఁ, ఇప్పుడొచ్చింది," అంది అక్క. మోకాలి మీద వేలితో కొట్టుకుంటోంది. నాకూ వినపడింది. ఇందాక ఎలా వినపడిందో అచ్చం అలాగే. ఆ అచ్చంగా ఉండటమే నాకు నచ్చలేదు.

"నా చెయ్యి చూడబాక. కళ్ళు మూసుకో," అంది. ఆమెకు నేను కనపడను, నేనేం చూస్తున్నానో ఎలా తెలిసిందో తెలియదు. కళ్ళు మూసుకున్నాను.

"భాయ్, నువ్వు ఆ తీగ పీకతా, పెడతా ఉండు. ఎప్పుడు పీకావో చెప్పబాక," అంది. తర్వాత నన్ను అడగటం మొదలుపెట్టింది.

"ఇప్పుడు ఉందా?"

"ఉంది."

"ఇప్పుడు?"

"ఉంది."

"ఇప్పుడో?"

"ఉందిలే అక్కా."

"ఇప్పుడు?"

"ఉంది."

"పీకి చానాసేపయిందిరా."

కళ్ళు తెరిచాను. భాయ్ చేతిలో తీగ కొస ఉంది. మొహం పక్కకు తిప్పుకున్నాడు. వాళ్ళ నాన్న రేడియోలు బాగుచేసేటప్పుడు కూడా, పోయిన రేడియో గురించి చెప్పాలంటే ఇలాగే మొహం తిప్పేవాడు. నాకు గుర్తుంది.

అప్పుడు కొన్ని సంగతులు వాటంతటవే వరసలో నిలబడ్డాయి. ఇంట్లో కుక్కరు కూత నాకు చెప్పకుండా అయిపోతోందని కోడల్ని రెండుసార్లు అడిగాను. ఫోను మోగటం లేదని అబ్బాయితో మూడు ఫోన్లు మార్పించాను. కొట్టు ముందు వైరు మీద పిచ్చుకలు రోజూ కనపడుతూనే ఉన్నాయి, నోళ్ళు తెరుస్తూనే ఉన్నాయి. సెల్ టవర్ల వల్ల వాటి గొంతు పోయిందనుకున్నాను. ఆ మాట నలుగురితో కూడా అన్నాను. వాళ్ళు అవునన్నారు.

"నాకు తాళాలు వినపట్టంలా," అన్నాను. గట్టిగానే అన్నాను. మైకు సెట్టువాణ్ణి, మెల్లగా చెప్పటం రాదు.

అబ్బాయి తలుపు వదిలిపెట్టాడు. వాడి మొహంలో ఆశ్చర్యం లేదు. నేను దాన్ని వెతికాను, లేదు.

"నీకు తెలుసా?" అన్నాను.

"రెండేళ్ళ నుంచి, నాన్నా."

"ఎట్టా తెలిసింది?"

"నువ్వు ట్యూన్ చేసిన కార్లు రెండు తిరిగొచ్చినయ్. ఒకదాంట్లో సూదుల్తో పొడిచినట్టు ఉందన్నారు, రెండోదాంట్లో అసలు రావట్లేదన్నారు. నువ్వు ఊరికెళ్ళిన రోజు సరిచేసి పంపించాం. ఆ తర్వాత్నుంచి..."

ఆగిపోయాడు. భాయ్ అందుకున్నాడు. "మావా, నువ్వు టీ తాగొచ్చే లోపల నేను కొంచెం సర్దేవాణ్ణి. ట్వీటర్ల వరకే. మిగతా దేన్నీ ముట్టుకోలా. అల్లా మీద ఒట్టు, డోలు మోత నువ్వు పెట్టిందే ఉంచా."

రెండేళ్ళు. రోజుకు ఒక టీ చొప్పున వేసుకున్నా నేను మర్యాద కింద ఎన్ని టీలు తాగానో. నాకు టీ అంత ఇష్టం కూడా లేదు.

"ముందే చెప్పి చావచ్చు గదరా," అన్నాను.

"నువ్వే కదా మావా, ట్యూనింగప్పుడు ఎవురూ మాట్లాడకూడదంటివి," అన్నాడు భాయ్.

అక్క నవ్వింది. ఆమె నవ్వు నాకు బాగానే వినపడుతుంది, లావు గొంతు.

అబ్బాయి నా భుజం మీద చెయ్యేశాడు. వాడు ఎప్పుడూ వెయ్యడు. "నాన్నా, రేపట్నుంచి నువ్వు ఊరికే కూర్చో. వచ్చినోళ్ళతో మాట్లాడతా ఉండు, చాలు," అన్నాడు.

మా కొట్టు గుమ్మం పక్కన నీలం ప్లాస్టిక్ కుర్చీ ఒకటుంది. బండి అయ్యేదాకా ఎదురుచూసే ముసలివాళ్ళ కోసం వేశాం. వాడు చెయ్యి నా భుజం మీద వేశాడు గానీ కళ్ళు ఆ కుర్చీ వైపు వెళ్ళాయి. నేనూ చూశాను. అందులో పద్నాలుగేళ్ళుగా ఎంతోమందిని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. అందులో కూర్చున్నవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. చల్లగా ఉందా అని మాత్రం అడుగుతారు.

"కూర్చోను," అన్నాను. డ్రైవరు సీట్లోంచి దిగాను. "కోడల్ని పిలువు."

కోడలు చేతిలో కలంతోనే వచ్చింది. జరిగింది రెండు ముక్కల్లో చెప్పాను. ఆమెకు కూడా ముందే తెలుసని మొహం చూస్తే అర్థమైంది. ఆ కొట్టులో తెలియనిది నాకూ, పంక్చరు షాపు అతనికీ మాత్రమే.

"ఎక్కి కూర్చో అమ్మాయ్. నీకు పాట తెలుసు."

"రోజూ వింటన్నా గదా మావయ్యా. నిద్దట్లో కూడా వస్తంది."

"వచ్చేది నమ్మబాక. నేను చెడింది అక్కడే. తెలిసిన పాట అని వినకు. తాళం ఎప్పుడు పడాలో నీకు తెలుసు కాబట్టి, పడకపోయినా పడినట్టే ఉంటది. కళ్ళు మూసుకో. భాయ్ పీకతా పెడతా ఉంటాడు. పీకినప్పుడు పీకాడని చెప్పగలిగితేనే బొత్తం మీద చెయ్యి వెయ్యి."

భాయ్ మూడుసార్లు పీకాడు. మూడుసార్లూ ఆమె చెప్పింది. నాలుగోసారి పీకకుండానే, పీకినట్టు తీగ కదిలించి చప్పుడు చేశాడు, పీకలేదని అదీ చెప్పింది. నాకు కొంచెం కష్టంగా ఉంది. కొంచెం సంతోషంగా కూడా ఉంది. కారు తలుపు పట్టుకుని లోపలికి వంగాను.

"ఇప్పుడు ఎట్టుంది?" అన్నాను.

"కొంచెం గుచ్చతంది మావయ్యా."

"రెండు మెట్లు తగ్గించు. తాళం ముందుకొచ్చి నిలబడకూడదు. పక్కింట్లో ఎవరో మెట్టెలతో నడుస్తన్నట్టు ఉండాలి. ఉందని తెలవాలి, అటు తిరిగి చూడబుద్ధి కాకూడదు."

తగ్గించింది. విన్నది. మళ్ళీ ఒక మెట్టు పెంచింది. నేను చెప్పకుండానే పెంచింది. ఎందుకని అడగబోయి ఊరుకున్నాను. అది ఆమెకు వినపడుతోంది, నాకు వినపడటం లేదు. అంతకుమించి అడగటానికేముంది.

"అయింది," అంది.

"ఇకమీదట పైన సన్నవి నీవి. కింద లావువి నావి. ఆంప్లిఫయర్ ఏది పెట్టాలో కూడా నాదే. దాంట్లో మీ ఆయన మాట వినబాక, వాడికి డబ్బా మీద రాసిందంతా నిజమే," అన్నాను. అబ్బాయి ఏదో అనబోయాడు. చెయ్యి చూపించాను. ఆగాడు. ఆ రూలు ఇంకా పనిచేస్తోంది.

అంతటితో అయిపోయేది. మేనల్లుడు కారు తాళం చెవి అందుకుని, ఆలస్యమైంది, వాళ్ళమ్మకు అన్నం వేళయింది అంటున్నాడు. అక్క కదల్లేదు.

"పాట మళ్ళీ పెట్టు. నేను పూర్తిగా వినలా," అంది.

కోడలు మొదటినుంచి పెట్టింది. తలుపులన్నీ వేశాం, లోపల అందరూ ఇరుక్కుని కూర్చున్నాం, భాయ్ కూడా. అక్క నల్లద్దాలు తీసేసి కళ్ళు మూసుకుంది. మోకాలి మీద కొట్టుకోలేదు ఈసారి. పల్లవి అయింది, మొదటి చరణం అయింది. నేను ఏమీ వినటం లేదు, అంటే తాళాలు వినటం లేదు. డోలు వింటున్నాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ పాటలో డోలు మాత్రమే విన్నాను. డోలు కొట్టినాయన చానా బాగా కొట్టాడు. ఆ మాట ఆయన ఉన్నప్పుడు చెప్పలేదు.

రెండో చరణం వచ్చింది, పోయింది. అక్క మొహం చూశాను. చరణం మధ్యలో ఒకచోట ఆమె పెదవి చిన్నగా కదిలింది. అంతే. పాట అయిపోయాక కళ్ళు తెరిచింది.

"విన్నా," అంది. "ఒక్క దెబ్బ తప్పలా. అంతా సరిగ్గానే ఉంది. ముప్పై ఏళ్ళు నామీద అబద్ధం చెప్పావురా నువ్వు."

తప్పింది, నాకు తెలుసు. కానీ నాకు వినపట్టంలేదని గంట కిందట నేనే అందరి ముందూ గట్టిగా చెప్పి ఉన్నాను. ఇక నా మాటకు విలువేముంది.

"అమ్మాయ్," అన్నాను కోడలితో. "తప్పిందా, తప్పలేదా?"

"పెద్దత్త ముందు నన్నడగొద్దు మావయ్యా," అంది.

"భాయ్?"

"నేను తీగలు చూస్తన్నా మావా."

"ఒరేయ్, లెక్కల మేష్టారూ?"

"మా అమ్మతో కార్లో గురజాల దాకా నేనే పోవాలి మావా," అన్నాడు.

అబ్బాయి ఫోనేదో వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని దిగిపోయాడు. ఫోను మోగిందో లేదో నేను చెప్పలేను.

వాళ్ళందరికీ వినపడింది. అందుకే ఆ రోజు అక్కడ ఎవరెవరున్నారో రాసి పెడుతున్నాను, రేపు ఎవరైనా అడగదలుచుకుంటే అడగొచ్చు. ఎడమ సీట్లో మా అక్క. డ్రైవరు సీట్లో మా కోడలు. వెనక సీట్లో ఎడమపక్క భాయ్, మధ్యలో మా మేనల్లుడు, వాడి మీద సగం ఆనుకుని మా అబ్బాయి. కుడి తలుపు పక్కన, గరగర లేకుండా పోయిన ఆ తలుపు మీద చెయ్యేసుకుని, నేను.